ఉప్పు, ఫిరంగులు, రైలు: లిగూరియా తీరపు కంకర దారుల్లో

లిగూరియాలో ఒక దారిని ఎవరి కోసం వేశారో తెలుసుకోవడానికి చరిత్ర పుస్తకం తెరవనక్కర్లేదు. సైకిలు ఏ గేరులో ఉందో చూసుకుంటే చాలు. రైలు కోసం వేసిన దారిలో వాలు ఉన్నదో లేదో కూడా తెలియదు. ఫిరంగులను లాగే బళ్ల కోసం వేసిన దారి గంటల తరబడి ఎక్కుతూనే ఉంటుంది కాని, ఎక్కేవాడి గుండె పగిలేంత నిటారుగా అరుదుగా లేస్తుంది. కంచరగాడిద కోసం వేసిన దారి మాత్రం మనిషిని కిందికి దింపి, సైకిలును వాడి భుజానికెక్కిస్తుంది. సెప్టెంబరు నెలలో ఎనిమిది రోజులపాటు ఆ తీరం మీదా, దాని వెనకున్న కొండల మీదా, కంకర దారుల కోసం చేసిన గ్రావెల్ సైకిలు తొక్కి వచ్చిన నాకు ఈ మూడు రకాల వాళ్లూ, వాళ్లందరికంటే ముందు వచ్చిన రోమన్లూ రోజూ ఎదురవుతూనే ఉన్నారు. అక్కడ నేను తొక్కిన దారుల్లో సైకిలు కోసమని మొదటి నుంచీ వేసినది ఒక్కటీ లేదు.

ఇటలీ వాయవ్య మూలన, ఫ్రాన్సు సరిహద్దు నుంచి టస్కనీ వరకు, జెనోవా నగరాన్ని నడుమ పెట్టుకుని కొడవలిలా ఒంగి ఉన్న సన్నని పట్టీ లిగూరియా. తీరమైదానం అనదగినది దాదాపుగా లేదు. ఇసుక తిన్నె దాటగానే ఊరు, ఊరు దాటగానే ఆలివ్ తోటలు, ఆ తోటల వెనకనే కొండ మొదలవుతాయి. జెనోవాకు పడమరగా ఉన్న కాదిబోనా కనుమ దగ్గర ఆల్ప్స్ పర్వతాలు ముగిసి అపెనైన్స్ మొదలవుతాయని భూగోళం పుస్తకాలు చెబుతాయి. నేను తిరిగినదంతా ఆ కనుమకు పడమటి వైపున, అంటే ఆల్ప్స్ పర్వతాలు సముద్రంలోకి కాళ్లు చాపుకున్న భాగంలో. అక్కడి పర్వతాల్లో ఎత్తైన మార్గ్వారెయిస్ శిఖరం 2,651 మీటర్లు ఉంటుంది; దాని పక్కనుంచి పోయే కంకర దారి మీద నుంచి, ఆకాశం తేటగా ఉన్న రోజున, సముద్రం కనిపిస్తుంది. ఇంత ఎత్తూ, అంత నీరూ ఒకే చూపులో ఇమిడే చోటు కావడమే నన్ను అక్కడికి లాగింది.

బండి గురించి రెండు మాటలు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అడిగేవారు మొదట అడిగేది అదే. గ్రావెల్ సైకిలు చూడడానికి వంచిన హ్యాండిలుతో రోడ్డు సైకిలులాగే ఉంటుంది కాని, వెడల్పైన టైర్లు పట్టే ఫ్రేమూ, డిస్కు బ్రేకులూ, బరువుతో కొండ ఎక్కడానికి తగిన చిన్న గేర్లూ దాని ప్రత్యేకత. నా బండికి 45 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు, ముందు 40 పళ్ల చక్రం, వెనక క్యాసెట్‌లో, అంటే గేర్ల పళ్లచక్రాల కట్టలో, అన్నిటికంటే పెద్దది 44 పళ్లది. తీరంలో ఇది ఎక్కువే అనిపించింది. కొండల మీద ముందు చక్రానికి ఇంకో నాలుగు పళ్లు తక్కువై ఉంటే బాగుండునని రోజుకు రెండుసార్లైనా అనుకున్నాను. టైర్లు 50 వరకు పడితే వాటినే వేసుకుని వెళ్లమని చెబుతాను. మిగతా సామాను ఎవరికి వారు తేల్చుకోవలసినదే.

తీరంలోని ఫినాలే లీగురే ఊళ్లో దిగి మొదటి రోజు ఉదయమే వాల్ పోంచి అనే లోయలోకి వెళ్లాను. కొండల్లో సైకిలు తొక్కేవారికి ఫినాలే పేరు బాగా తెలుసు. మౌంటెన్ బైకులను వ్యాన్లలో పైకి చేర్చి, అక్కడి నుంచి కిందికి దూకుతూ వచ్చే గుంపులు ఊరంతా కనిపిస్తాయి. వాళ్ల దారులు మనవి కావు. మనకు పనికివచ్చేది ఆ ఊరి వెనక నిశ్శబ్దంగా పడివున్న రోమన్ దారి. అగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 13లో వేయించడం మొదలుపెట్టిన వియా జూలియా అగస్టా ఈ లోయలోంచే సాగింది. ఆ దారికోసం వాగు మీద కట్టిన అయిదు వంతెనల ఆనవాళ్లు లోయలో వరుసగా ఉన్నాయి. వీటిలో అన్నిటికంటే చెక్కుచెదరకుండా నిలిచినదాన్ని స్థానికులు దేవకన్యల వంతెన అంటారు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 124లో, ఈ దారిని మరమ్మతు చేసినప్పటి పని అది. గులాబీ, తెలుపు కలిసిన ఫినాలే రాయిని చెక్కి, కమానుగా పేర్చారు. నేను దాని మీద సైకిలు ఆపి, అంచు నుంచి కిందికి తొంగి చూస్తే వాగులో నీటి చుక్క లేదు. లోయ పొడవునా దారి అడవి నీడలో, మెత్తటి మట్టి మీద, అక్కడక్కడ రాళ్లు తేలి, చాలా మర్యాదగా ఎక్కుతుంది. రోమన్లు తీరం వెంబడి నున్నటి కొండచరియల మీద దారి చెక్కే శ్రమ పెట్టుకోకుండా లోపలికి మళ్లి ఈ లోయను ఎంచుకోవడంలో ఉన్న తెలివి, ఆ సాయంత్రమే నోలి అంతరీపం దగ్గర తారురోడ్డు మీద నాకు బాగా బోధపడింది. అక్కడ ఆధునిక జాతీయ రహదారి ఔరేలియా కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకుగా దూరి పోతుంది. ఒక వైపు రాతిగోడ, ఇంకో వైపు కటకటాలు, వెనక బస్సు. దృశ్యం అందమైనదే కాని దాన్ని చూసే తీరిక ఉండదు.

లోయ పైకి చేరాక మానియె పీఠభూమి వస్తుంది. పొలాలు, పైన్ చెట్లు, ఎర్రమట్టి దారులతో గ్రావెల్ సైకిలు కోసమే పరిచినట్టుండే చోటు అది. అక్కడే నేను తప్పు చేశాను. ఫోనులోని పటం, వరిగొత్తి అనే తీరగ్రామానికి దిగడానికి ఒక పాత దారిని సన్నటి గీతగా చూపించింది. గీత ఉంది కదా అని దిగాను. మొదటి రెండు వందల మీటర్లు బాగానే ఉంది. ఆ తరువాత దారి అడుగుకో మెట్టు చొప్పున, అంచుల్లో రాళ్లు నిలబెట్టి, మధ్యలో అరిగి నున్నబడిన బండలతో కిందికి జారిపోయింది. దీన్ని ఇటలీలో ములాత్తియేరా అంటారు, కంచరగాడిదల బాట అని అర్థం. గాడిద గిట్ట ఆనడానికి, వర్షపు నీరు దారిని కోసెయ్యకుండా ఉండడానికి ఆ మెట్లు. నాలుగు కాళ్లకు అది గొప్ప ఏర్పాటు. రెండు చక్రాలకు శిక్ష. ముప్పావు గంటసేపు సైకిలును మోసుకుంటూ, దించుకుంటూ దిగాను.

అలా నడవడం వల్ల ఒక మేలు జరిగింది. దారికి రెండు పక్కలా కొండను మెట్లు మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టుకూ సున్నం లేకుండా, బురద లేకుండా, వట్టి రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడేలా పేర్చి కట్టిన గోడలను తీరిగ్గా చూడగలిగాను. ఈ మెట్ల పొలాలను అక్కడ ఫాషె అంటారు. ఆలివ్ చెట్లూ, ద్రాక్ష తీగలూ వీటి మీదే బతుకుతాయి. ఇలా వట్టి రాళ్లతో గోడ పేర్చే విద్యను 2018లో యునెస్కో, ఇటలీతో సహా ఎనిమిది దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు సంగతి ఎలా ఉన్నా చాలాచోట్ల గోడలు ఉబ్బి, కూలి, రాళ్లు దారి మీద పడి ఉన్నాయి. గోడలను తిరిగి పేర్చే చేతులు ఊళ్లలో తగ్గిపోయాయని చూడగానే అర్థమవుతుంది. ఆ తరువాత పటంలో సన్నటి గీత కనిపించినప్పుడల్లా, పటంలో ఎత్తును చూపే రెండు గీతల మధ్య ఎడం ఎంత ఉందో లెక్కపెట్టుకున్నాకే దిగాను.

మరుసటి రోజు మెలోన్యో కనుమ. సముద్రమట్టం నుంచి బయలుదేరి 1,028 మీటర్ల దాకా ఎక్కాలి. పైకి తారురోడ్డే వెళ్తుంది, పెద్దగా చెప్పుకోవలసింది లేదు. అయితే కనుమ మీద ఆ రోడ్డు తిన్నగా ఒక కోట కడుపులోంచి దూసుకుపోవడం మాత్రం మరచిపోలేను. 19వ శతాబ్దం చివరి దశకాల్లో, ఫ్రాన్సు దాడి చేస్తుందనే భయంతో ఇటలీ రాజ్యం ఈ కనుమలన్నింటి మీదా కోటలు కట్టింది. రోడ్డును కోటలోంచే పోనిస్తే తలుపు మూసి దారినే బంధించవచ్చునన్నది వారి ఆలోచన. కోట వెనక బార్బొత్తీనా అనే బీచ్ చెట్ల అడవి ఉంది. ఎండలో ఉడికిపోతున్న తీరం నుంచి రెండు గంటల్లో ఆ చల్లటి నీడలోకి, ఆకులు మెత్తగా పరుచుకున్న బండి దారుల మీదికి చేరడం ఈ ప్రాంతంలో మాత్రమే దొరికే సుఖం. శిఖరాల వెంబడి పోయే ఆల్తా వియా దెయి మోంతి లీగురి బాట కూడా ఇక్కడి నుంచే పోతుంది. లిగూరియా పడమటి కొసనున్న వెంతిమిల్యా నుంచి తూర్పు కొస దాకా దాదాపు 440 కిలోమీటర్ల పొడవున ఎరుపు, తెలుపు, ఎరుపు పట్టీల గుర్తుతో సాగే నడక బాట అది. పేరులో పోలిక ఉంది కనుక దాన్నీ, నేను ముందు చెప్పబోయే ఆల్తా వియా దెల్ సాలెనూ ఒకటే అనుకోకూడదు. మొదటిది నడిచేవారిది, అందులో కొన్ని ముక్కలే సైకిలుకు అనుకూలిస్తాయి.

ఆల్తా వియా దెల్ సాలె అంటే ఎత్తైన ఉప్పు దారి. నా ప్రయాణానికి అసలు కారణం అదే. వెంతిమిల్యాలో సైకిలుకు వేరే టికెట్టు కొని ప్రాంతీయ రైలెక్కితే, రోయా నది లోయ వెంబడి, మధ్యలో ఫ్రాన్సులోకి వెళ్లి మళ్లీ ఇటలీలోకి వచ్చి, దాదాపు రెండు గంటల్లో లిమోనే పియెమోంతె చేరుస్తుంది. ఈ రైలుమార్గం ఒక్కటే ఒక టపాకు సరిపడేంత కథ. 1928లో పూర్తయింది, రెండో ప్రపంచయుద్ధంలో వంతెనలూ సొరంగాలూ ధ్వంసమయ్యాయి, లోయ మొత్తానికీ మళ్లీ రైలు వచ్చింది 1979లో. ఎత్తు తగినంత అందుకోవడానికి రైలు కొండ లోపలే చుట్టలు చుట్టుకుంటూ ఎక్కుతుంది. సొరంగంలోకి పోయి బయటికి వచ్చేసరికి, ఇందాక కిటికీలోంచి చూసిన ఊరే మళ్లీ కింద కనిపిస్తుంది. సెయింట్ దాల్మా అనే చిన్న పల్లెలో రాజభవనం లాంటి స్టేషను ఒకటి ఎదురవుతుంది. అప్పట్లో ఇటలీకి అది సరిహద్దు స్టేషను. ఫ్రాన్సు నుంచి వచ్చేవాళ్లకు ఇటలీ ఆడంబరం చూపించాలని కట్టినది. 1947 నాటి పారిస్ సంధితో తెండా, బ్రీగా ప్రాంతాలు ఫ్రాన్సుకు పోయాయి, స్టేషను అడవిలో అంత ఠీవితో ఒంటరిగా మిగిలింది. 1860లో నీస్ ప్రాంతాన్ని ఫ్రాన్సుకు ఇచ్చినప్పుడు ఈ కొండలు రాజుగారి వేటస్థలాలన్న సాకుతో, తరువాత ఇటలీగా మారిన సార్డీనియా రాజ్యం తన వద్దనే ఉంచుకుందని ప్రసిద్ధమైన కథనం.

లిమోనే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి తెండా కనుమకు, 1,871 మీటర్లకు, తారురోడ్డు మీద ఎక్కాను. కనుమకు ఆవల, దక్షిణాన ఫ్రాన్సు వైపు దిగే పాత మట్టిరోడ్డు నలభైకి పైగా మెలికలతో కొండ ముఖాన్ని కుట్టినట్టు కనిపిస్తుంది. 1882లో కనుమ కింద రోడ్డు సొరంగం తెరిచేదాకా బళ్లూ, గుర్రాలూ, మనుషులూ అన్నీ ఆ మెలికలు ఎక్కవలసిందే. అందరికంటే ముందు ఎక్కింది ఉప్పు. కొండలకు ఉత్తరాన, సముద్రం లేని పియెమోంతె ప్రాంతానికి నీస్ రేవు నుంచి ఉప్పు మూటలను కంచరగాడిదల మీద ఈ కనుమ దాటించేవారు. ఉప్పుతోపాటే ఉప్పులో ఊరిన ఆంకోవీ చేపలూ వెళ్లాయి. సముద్రం కనపడని పియెమోంతె వంటింట్లో బాన్యా కౌదా అనే చేప, వెల్లుల్లి, నూనెల వేడి పచ్చడి పుట్టడానికి ఈ దారులే కారణం.

అయితే తెండా కనుమ నుంచి తూర్పుగా, శిఖరాల మీదుగా మొనేజి దాకా దాదాపు 40 కిలోమీటర్లు సాగే కంకర దారికి ఉప్పు తన పేరును మాత్రమే ఇచ్చింది. దారిని వేసింది సైన్యం. కనుమ చుట్టూ ఉన్న ఆరు కోటలకు ఫిరంగులనూ, మందుగుండునూ, సరుకులనూ చేర్చడానికి వేసిన దారులనే కాలక్రమంలో పొడిగించి కలిపారు. ఆ సంగతి మొదటి గంటలోనే కాళ్లకు తెలిసిపోయింది. రెండు వేల మీటర్ల ఎత్తున, ఇంత చెడ్డ నేల మీద, వాలు ఆరేడు శాతం దగ్గరే ఎక్కువసేపు నిలకడగా ఉండడం యాదృచ్ఛికం కాదు. బరువు లాగే జంతువు అలసిపోకుండా ఎక్కగలిగిన వాలు అది, అలసిన సైకిలు మనిషికి కూడా అదే సరిపోతుంది. మలుపులు వెడల్పుగా, బండి తిరిగేంత చోటుతో ఉంటాయి. లోయవైపు రాతికట్టు గోడలు నూరేళ్లు దాటినా నిలబడే ఉన్నాయి. బొవారియా అనే కనుమ దగ్గర, 2,102 మీటర్ల ఎత్తున, నిలువు కొండచరియ మీద దారి పాములా మెలి తిరిగే చోటును ఈ దారి గురించి వెతికిన ప్రతివారూ ఫొటోలో చూసే ఉంటారు. ఫొటోలో పట్టనిది అక్కడి గాలి. మలుపు తిరగగానే సైకిలుతో సహా మనిషిని పక్కకు తోసింది.

మోటారు వాహనాలకు రుసుము ఉంది, రోజుకు ఇన్ని బళ్లే అనే పరిమితి ఉంది. మంగళ, గురువారాల్లో వాటిని అసలు రానివ్వరు. నేను గురువారం వెళ్లాను, ఎవరు వెళ్లినా ఆ రెండు రోజుల్లో ఒకటి చూసుకుని వెళ్లడం మంచిది, ఎందుకంటే జీపులూ మోటారు సైకిళ్లూ లేపే ధూళి తెల్లటి సున్నపురాతి పిండి. దాన్ని మింగుతూ ఎక్కడం కష్టం. మంచు కరిగేసరికి జూన్ చివర, ఒక్కోసారి జూలై కూడా అవుతుంది. అక్టోబరు గడిచాక మళ్లీ తలుపులు మూసుకుంటాయి. వేసవి అయినా సరే పొద్దున్నే బయలుదేరాలి. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు తేమ లోయల వెంబడి పైకి పాకి, శిఖరం వద్ద చల్లబడి మబ్బవుతుంది. పదకొండు గంటలకు మొత్తం ఆల్ప్స్ వరుసను చూస్తున్న నాకు, పన్నెండున్నరకు ముందు చక్రం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ పొగమంచులోంచి గంటల శబ్దం వినిపించి, ఆ వెంటనే గొర్రెలూ, వాటి మధ్య నుంచి రెండు తెల్లటి కాపలా కుక్కలూ వచ్చాయి. ఇలాంటప్పుడు వేగంగా దాటిపోవాలని చూడకూడదు. దిగి, సైకిలును మనకూ కుక్కలకూ మధ్యన పెట్టుకుని, మాట్లాడుతూ నెమ్మదిగా నడవాలి. అవి నన్ను కాసేపు వాసన చూసి, మంద హద్దు దాకా సాగనంపి వెనక్కి వెళ్లాయి.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. దారి ఉత్తరాన కార్సెనె అనే విశాలమైన తెల్లని రాతి గిన్నె పక్కగా పోతుంది. కురిసిన వాన, కరిగిన మంచు అన్నీ ఆ సున్నపురాతి పగుళ్లలోకి దిగి భూమి లోపలి గుహల్లో నదులై పారుతాయి. పైన మాత్రం నాలుక తడుపుకోవడానికి చుక్క ఉండదు. మూడు లీటర్లు మోసుకెళ్లి, సిన్యోరి కనుమకు చేరేసరికి ఆఖరి గుక్కలో ఉన్నాను. కనుమ కిందనే, 2,079 మీటర్ల వద్ద, దోన్ బార్బెరా ఆశ్రయగృహం ఉంది. ముందుగా మంచం చెప్పుకుని ఉంచడం వల్ల రాత్రికి అక్కడే ఉన్నాను. ఒక్క రోజులో దారి మొత్తం పూర్తి చేసేవారు ఉన్నారు. కాని అక్కడ పడుకుంటే ఉదయం మబ్బు లేని గంటలు మనవవుతాయి. మొక్కజొన్న పిండితో వండే పోలెంటా తిని, దుమ్ముతో బిగిసిన గొలుసుకు నూనె రాసి, తొమ్మిదింటికల్లా నిద్రపోయాను.

తెల్లవారి బయలుదేరిన ఆ మూడు గంటలూ ఈ మొత్తం ప్రయాణంలో ఉత్తమమైనవి. దారి సరిహద్దు శిలలను ఇటు కాసేపు అటు కాసేపు దాటుతూ, లార్చ్ అడవుల అంచున, తానరెల్లో కనుమ దాకా వెళ్తుంది. అక్కడి నుంచి మొనేజికి దిగిపోవచ్చు. నేను పక్కకు మళ్లి సక్కరెల్లో కొండ మీది రక్షకుడి విగ్రహం దాకా ఎక్కాను. లిగూరియాలో అన్నిటికంటే ఎత్తైన కొండ ఇదే, 2,200 మీటర్లు. కంచు క్రీస్తు విగ్రహాన్ని 1901లో నిలిపారు. ఆయన పాదాల దగ్గర సైకిలు పడుకోబెట్టి దక్షిణానికి చూస్తే, మడతలు మడతలుగా కొండలు, వాటి చివర వెండి రేకులా సముద్రం, ఆ రేకు మీద మసక గీతగా కోర్సికా దీవి. కోర్సికాను అంత దూరం నుంచి చూస్తానని అనుకోలేదు. ముందు మబ్బనుకున్నాను, అది కదలకపోయేసరికి నమ్మాను.

మొనేజిలో నవంబరు 2016 వరదల్లో కొండ జారి ఇళ్లు కూలిన గుర్తులు ఇంకా చెరిగిపోలేదు. ఒకప్పుడు మంచుక్రీడలకు జనం కిటకిటలాడిన ఊరు. అక్కడి నుంచి సాన్ బెర్నార్దో ది మెందాతికా వరకు తారు, ఆ తరువాత మళ్లీ మిలిటరీ కంకర దారి గరెజ్జో కనుమకు ఎక్కుతుంది. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున, కనుమ అంచును తొలిచిన పొట్టి సొరంగంలోంచి అవతలి లోయలోకి వెళ్లాలి. ఇవతల పచ్చిక బయళ్లు, అవతల బొరియల్లాంటి రాతి లోయ. ఈ దారికి ఉప్పు దారికున్న పేరు లేదు, గేటు లేదు, ఆ పూటంతా నాకు ఎదురైన వాడు పుట్టగొడుగులు ఏరుకునే ముసలాయన ఒక్కడే. ఒక్క రోజే సమయం ఉన్నవారు ఉప్పు దారికి బదులు దీనికే వెళ్లినా నేను తప్పుపట్టను.

దిగేటప్పుడు మాత్రం నేల దయలేనిది. కొండ మీది నుంచి జారిన పలక రాళ్లు కత్తుల్లా నిలబడి ఉంటాయి. ఉదయం ఎక్కేటప్పుడు హాయిగా ఉంటుందని తగ్గించిన గాలిని దిగే ముందు మళ్లీ కొట్టుకోవలసింది, బద్ధకించాను. వెనక టైరు పక్కగోడ అంగుళం మేర తెగింది. చిల్లులు పూడ్చడానికి టైరులో పోసిన సీలెంటు తెల్లగా చిమ్మి ఆగలేదు, రబ్బరు పురి దూర్చినా నిలవలేదు. చివరికి టైరు విప్పి, తెగిన చోట లోపలి వైపు పాత టైరు ముక్కను అడ్డుపెట్టి, ట్యూబు వేసి, అరగంట తరువాత బయలుదేరాను. పాత టైరు ముక్క ఇరవై గ్రాములు కూడా ఉండదు. అది సంచిలో లేకపోతే త్రియోరా దాకా నడకే.

త్రియోరా 780 మీటర్ల ఎత్తున కొండకొమ్మును పట్టుకుని ఉన్న రాతి ఊరు. 1587లో కరువు వచ్చినప్పుడు, ఆ కరువుకు మంత్రగత్తెలే కారణమని ఊరి ఆడవాళ్లను పట్టి హింసించిన విచారణలు రెండేళ్లు సాగాయి. కొందరు చెరలోనే చనిపోయారు. ఈరోజు ఊరంతా చీపురుకట్టల బొమ్మలు, మంత్రగత్తె టోపీలు అమ్ముతారు. నాకది రుచించలేదు, రొట్టె మాత్రం బాగుంది.

అక్కడి నుంచి అర్జెంతీనా అనే చిన్న నది వెంబడి దాదాపు ముప్పై కిలోమీటర్లు దిగుడే. తజ్జా ఊరికి వచ్చేసరికి నది మీద పదహారు కమానుల మధ్యయుగపు వంతెన, చుట్టూ ఆ ఊరి పేరే పెట్టుకున్న చిన్న నల్లటి తజ్జాస్కా ఆలివ్ తోటలు. ఇంకొంచెం దిగితే ఆర్మా, సముద్రం, పాత రైలు దారి.

జెనోవా నుంచి వెంతిమిల్యాకు 1872లో వేసిన రైలుమార్గం ఇసుక పక్కనే, ఒంటి పట్టాగా ఉండేది. కొండల లోపల జంట పట్టాల సొరంగాలు తొలిచాక, 2001లో సాన్ లొరెంజో, ఓస్పెదలెత్తి మధ్యనున్న పాత ముక్కను మూసేశారు. ఆ 24 కిలోమీటర్లను తరువాత సైకిలు దారిగా మార్చారు. ఇది కంకర కాదు, నున్నటి తారు. గ్రావెల్ సైకిలు మనిషికి ఇక్కడేం పని అని అడగవచ్చు. రెండు రోజులు రెండు వేల మీటర్ల మీద రాళ్లతో కొట్టుకుని, బరువెక్కిన కాళ్లతో దిగివచ్చినవాడికి, ఇంజను లాగగలిగేంత మెత్తటి వాలు ఎలాంటిదో అప్పుడే తెలుస్తుంది. ఎడమ పక్కన అలలు, కుడి పక్కన పాత స్టేషన్ల గోడలు, పెడలు మీద కాలు ఊరికే పెట్టినా బండి కదిలిపోతూనే ఉంది. సాయంత్రం వేళ పిల్లలూ, ముసలివారూ, నాలుగు చక్రాల తొక్కుడు బళ్లూ నిండిపోతాయి కనుక వేగం మరచిపోవాలి.

దారి పొడవునా కుడివైపు కొండల మీద చిప్రెస్సా, పోజ్జో అనే రెండు ఎక్కుళ్లు ఉన్నాయి. 1907లో మొదలైన మిలాన్–సాన్‌రేమో సైకిలు పందెం చివర గెలుపోటములు తేలేది వాటి మీదనే; పోజ్జోను 1960లో, చిప్రెస్సాను 1982లో చేర్చారు. పోజ్జో నాలుగు కిలోమీటర్లు కూడా లేదు, సగటు వాలు నాలుగు శాతం లోపే. దాదాపు 290 కిలోమీటర్లు తొక్కిన తరువాత రావడం వల్లే దానికి ఆ పేరు. సాన్‌రేమో దాటాక కాపో నేరో అంతరీపం కింద ఒకటిముప్పావు కిలోమీటరు సొరంగంలో ఆ పందెం చరిత్రను ఏడాది తరువాత ఏడాదిగా రాసి పెట్టారు. దాన్ని ఏడుసార్లు గెలిచిన ఎడ్డీ మెర్క్స్ పేరు ఏడుసార్లు వచ్చింది. బయటి ఎండ నుంచి లోపలి చల్లదనంలోకి రాగానే బ్రేకు డిస్కులు టిక్కుమంటూ చల్లబడ్డాయి.

ఓస్పెదలెత్తి దగ్గర సైకిలు దారి ఆగిపోయింది. అక్కడి నుంచి వెంతిమిల్యా వరకు పన్నెండు కిలోమీటర్లు మళ్లీ ఔరేలియా రోడ్డు, మళ్లీ వెనక బస్సు. అడ్డుపెట్టిన టైరు ముక్కతో, ట్యూబులో సగం గాలితో, అంచులు పట్టుకుని నెమ్మదిగా తొక్కుకుంటూ స్టేషను చేరాను. టికెట్టు యంత్రం దగ్గర సైకిలు టికెట్టు కోసం చిల్లర తీస్తుంటే జేబులోంచి సక్కరెల్లో మీది తెల్లదుమ్ము కౌంటరు మీద రాలింది.